సగం వాటా

"ఈ కాఫీ ఎవరు పెట్టారని అడుగుతున్నాడు," అంది వదిన, వంటింటి గుమ్మంలో నిలబడి. "నేను పెట్టానంటే తాగుతాడట. నువ్వు పెట్టావంటే తాగడట. ఏం చెప్పమంటావు?"

"నిజం చెప్పండి వదినా."

"నిజం చెబితే కాఫీ దండగ." వదిన గ్లాసు చేతిలోనే ఉంచుకుని రెండు గుక్కలు తానే తాగేసింది. "ఇంటికి రంగులు వేయిస్తున్నాను, ఆ వాసన పడక నాలుగు రోజులు తమ్ముడి దగ్గర ఉందామని వచ్చాను. ఇక్కడ చూస్తే మీ మొహాలకే రంగుల్లేవు."

మరదలు నవ్వలేదు. నవ్వే ఓపిక లేదు. నిన్న సాయంత్రం గొడవైన దగ్గర్నుంచి మొగుడు ముందు గదిలో సోఫా మీద, తను లోపల మంచం మీద. ఇద్దరికీ నిద్ర లేదు. పొద్దున లేచి ఒకరికొకరు ఎదురుపడకుండా స్నానాలు కానిచ్చారు. రెండు గదుల ఇంట్లో అదీ ఒక విద్యే.

"పోనీ ఏం జరిగిందో నాకైనా చెప్పు. వాడు నోరు విప్పడు. నువ్వూ బెల్లం కొట్టిన రాయిలా నిలబడితే ఎలా?"

ఆమె రొట్టె ముక్కల మీద వెన్న రాస్తూ మొదలుపెట్టింది. చేతికి పని ఉంటే చెప్పడం కాస్త తేలిక.

"మా కేంద్రంలో పెద్ద కంప్యూటర్ ఉంది కదా, మీరొకసారి వచ్చి చూశారు."

"చూడకేం. హాలు నిండా ఇనప బీరువాలు, చెవులు పగిలే హోరు, శాలువా కప్పుకున్నా ఆగని చలి. అదేగా?"

"అదే. పెద్ద లెక్కలన్నీ దాని దగ్గరికే వస్తాయి. వానలెప్పుడు పడతాయో చూసేవాళ్ళు, మందులు తయారుచేసేవాళ్ళు, ఏ లారీ ఏ దారిన పోతే డీజిల్ మిగులుతుందో చూసుకునే కంపెనీలవాళ్ళు. ఒక్కో లెక్కకి రోజులూ వారాలూ పడతాయి. అందరూ ఒకేసారి లోపలికి పోలేరు. ఎవరికెంత వాటా, ఎవరిది ముందు, ఎవరిది వెనక అన్నది చూసేది నేను."

"డాక్టరు గది బయట చీటీలిచ్చే అమ్మాయిలాగన్నమాట."

"అంతే. మీ తమ్ముడికీ అందరిలాగే ఒక వాటా రావాలి. నేను సగమే ఇచ్చాను. తను అక్కడ చేరిన రోజు నుంచీ. తనకి చెప్పలేదు."

"సగమా? ఎందుకూ?"

"మొగుడు కాబట్టి."

వదిన ముందు నవ్వింది. మరదలి మొహం చూసి ఆ నవ్వు మింగేసింది.

"మొగుడైతే ఎవరైనా ఒక గరిటె ఎక్కువ వడ్డిస్తారు గానీ, కంచంలోంచి తీస్తారా?"

"ఎక్కువ వడ్డిస్తున్నానని అందరూ అనుకుంటారనే భయపడ్డాను."

"నా కుట్టు దుకాణంలో చుట్టాల బట్టలు నేనూ ఆఖర్నే కుడతాను. లేకపోతే మిగతావాళ్ళు ఊరుకోరు. కానీ ఆ మాట చుట్టాల మొహం మీదే చెప్పేస్తాను. తిట్టుకుంటారు. కొందరు వేరే దుకాణానికి పోతారు. పోనీ." వదిన ఖాళీ గ్లాసు సింకులో పెట్టింది. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నువ్వు రచ్చ గెలవడం కోసం ఇంట్లోవాణ్ణి ఓడించావే అమ్మాయ్."

ఆమె వెన్న కత్తి పక్కన పెట్టింది. రొట్టె డబ్బాలో పెట్టి మూత బిగించింది.

అప్పుడే అతను బూట్లు వేసుకుని గుమ్మం దాకా వచ్చాడు. కాలేజీ రోజుల నుంచీ ఒకరినొకరు నువ్వు అనుకునే జంట అది. కోపం ముదిరినప్పుడు మాత్రం అతను మర్యాదలోకి దిగుతాడు. ఆ మర్యాద కంటే తిట్లు నయమని ఆమె చాలాసార్లు అనుకుంది.

"అక్కా, నేను వేరే బస్సులో వెళ్తున్నానని క్యూ మేడంగారికి చెప్పు."

కేంద్రంలో అందరూ ఆమెకు పెట్టుకున్న పేరది. ఇంట్లో అతని నోట ఆ పేరు రావడం ఇదే మొదలు.

"ఇక్కడే ఉన్నానుగా. నాకే చెప్పొచ్చు," అందామె.

"మీకు చెప్పుకోవాలన్నా వరసలో నిలబడాలేమోనని."

"ఈ డబ్బా తీసుకెళ్ళు. నిన్నటి నుంచి ఏమీ తినలేదు."

"ఎంత పెట్టారు ఇందులో? సగమా?"

"ఒరేయ్!" అంది వదిన.

అతను తలుపు నెమ్మదిగానే వేసి వెళ్ళాడు. విసురుగా వేసినా బాగుండేదనిపించింది ఆమెకు.

* * *

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె తను చేసిన పని మరోసారి తలుచుకుంది. తలుచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. అదే అన్నిటికన్నా బాధ.

అతను చేసేది కృత్రిమ గుండె కవాటం పని. పాడైన కవాటం తీసేసి కొత్తది పెడితే, దాని గుండా రక్తం ఎలా పారుతుందో కంప్యూటర్‌లో ముందే చూడాలి. ఆ లెక్కకు ఎంత యంత్రమైనా చాలదు. అతని లెక్కలు వరసలో పడి ఉండేవి. అతను ఓపికగా కూర్చునేవాడు. యంత్రం మీద రద్దీ ఎక్కువేమోలే అనుకునేవాడు.

పక్క గదిలో వానల లెక్కలు చేసే అమ్మాయి ఉంది. పేరుతో ఎవరూ పిలవరు, వానల అమ్మాయి అంటారు. కాంటీన్‌లో ఆ పిల్లే అంది, "నేను పొద్దున పెడితే మధ్యాహ్నానికి లోపలికి పోతుంది సార్, మీదేంటి ఇన్ని రోజులు?" అని. సరదాకి ఇద్దరూ ఒకే చిన్న లెక్కను ఎవరి పేరు మీద వాళ్ళు పెట్టి చూశారు. ఆ పిల్లది భోజనం ముగించి వచ్చేసరికి కదిలింది. అతనిది రోజులు గడిచి, నిన్నటికి కదిలింది.

ఇంటికొచ్చి అడిగాడు, "నా వాటా ఎంత?" అని. ఆమె అబద్ధం చెప్పలేదు. ఇన్నాళ్ళలో ఈ విషయంలో ఆమె చేసిన మంచి పని అదొక్కటే.

వచ్చే వారం అతని ఉద్యోగం మీద సమీక్ష. కాంట్రాక్టు పొడిగిస్తారో, ఇక చాలు వెళ్ళమంటారో తేల్చేస్తారు. చూపించుకోవడానికి అతని దగ్గర ఒక్క పూర్తి ఫలితం లేదు. ఉన్న ఒక్కటీ పోయిన నెల ఇంకో చోటి బృందం తప్పని నిరూపించేసింది.

కేంద్రంలో దిగి, తన గదికి కూడా వెళ్ళకుండా నేరుగా డైరెక్టర్ దగ్గరికి నడిచింది. పెద్దాయన ఏ కాలంలోనైనా స్వెట్టర్ తియ్యడు. యంత్రాల కోసం పుట్టించే చలి గోడలు దాటి ఆయన గదిలోకి వస్తుంది. స్వెట్టర్ అంచుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ అంతా విన్నాడు.

"వాటా పెంచాలంటారు."

"పెంచడం కాదు సార్. ఉండాల్సినంత ఉంచడం."

"కాగితం మీద పెంచడమేనమ్మా. కమిటీ కూర్చోవాలి."

తగ్గించడానికి ఏ కమిటీ అక్కర్లేకపోయింది. ఆమె తన కుర్చీలో కూర్చుని ఒక అంకె మార్చింది, అంతే. ఎవరూ ఎందుకని అడగలేదు. సొంతవాళ్ళకు అన్యాయం చేసుకుంటానంటే ఏ ఆఫీసూ అడ్డు చెప్పదు.

"నేను తగ్గించానని మీకు ఆశ్చర్యంగా లేదా?"

డైరెక్టర్ కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "నాకు తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"మొదటి ఏడాది తనిఖీకి వచ్చినవాళ్ళు చూశారు. మీ క్యూ మేడం మొగుడికి కూడా మొహమాటపడదే అని మెచ్చుకున్నారు. మెచ్చుకుంటుంటే కాదనడం ఎందుకని ఊరుకున్నాను."

"తనకి ఒక మాట చెప్పాల్సింది సార్."

"మొగుడూ పెళ్ళాల విషయం. ఇంట్లో చెప్పుకునే ఉంటారనుకున్నాను." ఆయన గొంతులో తప్పు చేసినట్టేమీ లేదు, అలసటే ఉంది. "జరిగింది జరిగింది. వినండి. ఈ వారాంతం మరమ్మతు ఉంది. దానికి ముందు యంత్రం మొత్తం ఖాళీ చేయిస్తాం కదా. ఆ ఖాళీ సమయం మీ ఆయనకిస్తాను, నా సంతకంతో. యంత్రమంతా ఒక్కడికే దొరికితే ఆ లెక్క తేలిపోతుంది. సమీక్షకి ఏదో ఒకటి చేతిలో ఉంటుంది."

ఆమెకు ఒక్క క్షణం ఊపిరి తేలికైంది. "చాలా థ్యాంక్స్ సార్."

"సగం వాటా మాట మాత్రం ఎవరూ ఎత్తకూడదు."

ఇచ్చే చేయి అంత తేలిగ్గా ముందుకొచ్చినప్పుడే అనుమానించాల్సింది.

"నేను కమిటీకి చెబితే?"

"చెబితే మీ ఆయనకి మేలే. సగం యంత్రంతో ఇంత లాక్కొచ్చాడా అని కాంట్రాక్టు పొడిగిస్తారు. కానీ ఆ కుర్చీలో మీరుండరు. రేపటి నుంచి ప్రతివాడూ వచ్చి, మాకూ ఏమైనా తగ్గించారేమో చూడండి అంటాడు. ఒక్కొక్కడికీ నేను జవాబు చెప్పుకోవాలి." ఆయన బల్ల మీది కాగితాలు సర్దాడు. "మీ ఇష్టం. ఖాళీ సమయం తీసుకుంటారా?"

"ఇంటికెళ్ళి తనని అడిగి చెప్తాను."

ఆ మాట బయటికి వచ్చాక ఆమెకే వింతగా అనిపించింది. ఈ విషయంలో అతన్ని ఒక మాట అడగడం ఇదే మొదటిసారి.

* * *

సాయంత్రం ఆమె వచ్చేసరికి అతను బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. లోపలి గదిలో వదిన ఈ ఇంటి పాత కర్టెన్లు ముందేసుకుని కుట్టుమిషన్ మీద అంచులు కుడుతోంది. ఎవరూ కుట్టమనలేదు, ఆవిడ ఖాళీగా కూర్చోలేదు, అంతే.

ఆమె డైరెక్టర్ చెప్పిందంతా చెప్పింది. ఏదీ దాచలేదు, ఖాళీ సమయానికి ఉన్న షరతుతో సహా. అతను మధ్యలో అడ్డురాకుండా విన్నాడు.

"అందరూ తిని లేచాక మిగిలింది నాకు పెడతారన్నమాట," అన్నాడు చివరికి. "అదీ ఎవరికీ చెప్పకూడదు."

"నచ్చకపోతే వద్దను. అడుగుతున్నాను, అంతే."

"అడగడం ఇప్పుడు గుర్తొచ్చింది."

"అవును. ఇప్పుడే గుర్తొచ్చింది."

మర్యాద పోయి నువ్వులోకి వస్తాడేమోనని ఆమె ఎదురుచూసింది. వచ్చాడు గానీ, అది ఆమె కోరుకున్న రాక కాదు.

"పోయిన చలికాలం ఒక రోజు ఇదే బల్ల దగ్గర కూర్చున్నాం. నేనేమన్నానో గుర్తుందా నీకు?"

"ఉంది."

"ఏమన్నాను?"

"నాలో సరుకు లేదేమో అన్నావు. అందరూ పనులు ముగించుకుంటున్నారు, నేనొక్కణ్ణే నత్తలా పాకుతున్నాను అన్నావు."

"నువ్వేం చేశావు?"

లోపల కుట్టుమిషన్ చప్పుడు ఆగింది.

"నా తల నిమిరావు," అన్నాడతను. "తల నిమిరి, గళ్ళు కాస్త పెద్దవి చేసుకో, లెక్క త్వరగా తేలుతుంది అన్నావు."

అదే అసలు గాయం. ఈ గళ్ళ సంగతి ఒక్క ముక్క చెప్పుకోవాలి. రక్తం పారే తావునంతా చిన్న చిన్న గళ్ళుగా కోసి, ఒక్కో గడికీ లెక్క కడుతుంది యంత్రం. గళ్ళు చిన్నవైతే నిజానికి దగ్గరగా వస్తుంది, కానీ యంత్రం ఎక్కువ కావాలి. గళ్ళు పెద్దవైతే తొందరగా అయిపోతుంది, కానీ పెద్ద కన్నాల జల్లెడలో సన్న నూక జారిపోయినట్టు, చిన్న సంగతులు జారిపోతాయి. ఆమె ఆ రంగంలో అందరికీ సలహాలిచ్చే మనిషి. ఆమె చెబితే అతను విన్నాడు.

అలా జారిపోయింది ఒక చిన్న సుడి. కవాటం అంచు వెనక రక్తం గిర్రున తిరిగి నిలిచిపోయే చోటు. నిలిచిన రక్తం గడ్డకడుతుంది. అతని లెక్కలో ఆ సుడి కనపడలేదు, కవాటం భేషుగ్గా ఉందని రాసి పంపాడు. ఇంకో చోటివాళ్ళు చిన్న గళ్ళతో చూసి, ఇదిగో సుడి అని పది మంది ముందు పెట్టారు.

"గళ్ళు చిన్నవైతే నీకూ కనపడేది," అంది ఆమె.

"ఆ మాట ఇప్పుడంటున్నావు."

"నేను తప్పు చేశాను."

"ఎందుకో అది చెప్పు. నేను నిన్నటి నుంచీ అదే ఆలోచిస్తున్నాను. నామీద కోపమా? నేను నీకంటే పైకి పోతాననా?"

"ఛ! ఏం మాటలవి!" ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "నాకు ముందు ఆ కుర్చీలో ఉన్నాయన తన అన్న కొడుకుని వరసలో ముందుకి తోశాడు. ఆయన్ని పంపేసిన రోజు నేను చూశాను. నిన్నటిదాకా వంగి వంగి నమస్కారాలు పెట్టినవాళ్ళు లిఫ్ట్‌లో ఆయన వంక చూడలేదు. నువ్వు చేరతావని తెలిసిన రోజున నాకు ఆ లిఫ్టే కళ్ళ ముందుకొచ్చింది. ఒక్క ఆరు నెలలు తగ్గిద్దాం, తర్వాత మామూలుగా చేసేద్దాం అనుకున్నాను."

"మరి ఆరు నెలల తర్వాత?"

"పెంచబోతే చెయ్యి రాలేదు. పెంచితే అప్పుడు నిజంగానే మొగుడికి పెంచినట్టవుతుంది కదా."

అతనికి నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది. ఇద్దరూ ఒకేసారి ఆపుకున్నారు. అంత అలసటలో నవ్వు కూడా ఒక బరువే. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నామని ఇద్దరికీ తెలుసు, గొడ్డలి ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో మాత్రం ఆమెకు ఇంకా తెలియదు.

"ఖాళీ సమయం వద్దులే," అంది ఆమె, లేచి నిలబడి. "రేపు పొద్దున కమిటీకి చెప్పేస్తాను. నేనే తగ్గించాను, నీకు తెలియదు అని. కుర్చీ పోతే పోనీ. నీ ఉద్యోగం నిలబడుతుంది. ఇంకేదైనా ఆఫీసులో ఇంకేదైనా వరస చూసుకుంటాను నేను."

ఆమె నిజంగానే అంది. అన్నాక తేలికగా కూడా అనిపించింది. అతను కనీసం తల ఊపుతాడనుకుంది. అతను కుర్చీలో ఇంకా కిందికి జారాడు.

"రేపు చెప్పకు."

"ఎందుకు?"

"మధ్యాహ్నం నేనొక పని చేశాను."

లోపల్నుంచి వదిన దగ్గింది. తను వింటున్నానని తెలియజేసే దగ్గు అది, ఆవిడకు ఆపాటి మర్యాద ఉంది.

"నా లెక్క వానల అమ్మాయి పేరు మీద పెట్టాను," అన్నాడతను. "చిన్న గళ్ళతో. ఆ పిల్ల భయపడింది. నేనే బతిమాలాను. పెట్టిన గంటకే లోపలికి వెళ్ళిపోయింది. ఇప్పుడు నడుస్తోంది. ఈ వారాంతం లోపే, సమీక్షకి ముందే తేలిపోతుంది. ఆ సుడి నా లెక్కలోనూ వస్తుంది, ఎందుకొస్తోందో, కవాటాన్ని ఎలా మారిస్తే పోతుందో కూడా వస్తుంది. అది వాళ్ళెవరూ చెప్పలేదు."

ఆమె మళ్ళీ కూర్చుంది.

ఆ కేంద్రంలో ఒకరి లెక్క ఇంకొకరి పేరు మీద నడిపించడం కంటే పెద్ద తప్పు లేదు. దొరికితే లెక్కను అక్కడికక్కడ ఆపేస్తారు. ఇద్దరికీ మళ్ళీ ఆ యంత్రం ముట్టుకునే వీలుండదు. ఆ నియమం రాసింది ఎవరో కాదు, క్యూ మేడమే. ఆపాల్సిందీ ఆమే.

"నేను కమిటీకి చెబితే నీ లెక్కలన్నీ తవ్వి చూస్తారు," అంది ఆమె. "ఇదీ బయటపడుతుంది."

"అందుకే చెప్పొద్దన్నాను."

"చెప్పకపోతే, ఇన్నాళ్ళకి నిజంగానే మొగుడి కోసం కళ్ళు మూసుకున్నదాన్నవుతాను."

"అవుతావు."

"ఆ పిల్ల పేరు మీద ఇంకో లెక్క నడుస్తోందని నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఎందుకు చెప్పావు నాకు? చెప్పకుండా ఉండాల్సింది!"

"ఉందామనే అనుకున్నాను. బస్సులో వస్తూ ఎంతో గట్టిగా అనుకున్నాను." అతను రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. "నీకు తెలియకుండా ఒక పని చేసి, వచ్చి నీ పక్కన పడుకోవడం నాకు చేత కాదు. నీకెలా చేతనైందో నాకు తెలియదు."

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. తగలాలనే అన్నాడు.

ఆమె సంచిలోంచి లాప్‌టాప్ తీసి బల్ల మీద తెరిచింది. నడుస్తున్న లెక్కల వరసలో వానల అమ్మాయి పేరు వెతికింది. ఉంది. వానలు కాదది, ఒక గుండె. యంత్రంలో ఆ గుండె అప్పటికి రెండుసార్లు కొట్టుకోవడం పూర్తి చేసి, మూడోదానికి వచ్చింది. ఒక్క ఆజ్ఞ ఇస్తే ఆగిపోతుంది.

"ఆపేస్తావా?" అన్నాడతను. బతిమాలుతున్నట్టు లేదు. ఏదో ఒకటి తేలిపోతే చాలన్నట్టుంది.

"ఆపితే నీ ఉద్యోగం పోతుంది. ఆ పిల్లదీ పోతుంది."

"తెలుసు."

"నాకు చెప్పడానికి ముందు తెలుసా, ఇప్పుడు తెలుసా?"

"ముందే తెలుసు. నీ దగ్గర దాచడం కంటే అదే నయమనిపించింది."

ఆమె తెర మీది నుంచి చూపు తిప్పి అతని వంక చూసింది. నిన్నటి నుంచి మొదటిసారి నేరుగా చూడటం.

"నీకు నయమే," అంది. "నువ్వు ఇంటికెళ్ళి నాకు చెప్పేస్తావని ఆ అమ్మాయికి చెప్పావా?"

అతను తల వంచుకుని, చెప్పలేదన్నట్టు అడ్డంగా ఊపాడు.